లోపలి మడతలో బొమ్మ

ఏమిటే అంత నవ్వు? ఒక్కదానివే కూర్చుని ఫోను చూసుకుంటూ అలా పడీపడీ నవ్వుతుంటే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఏదీ, నాకూ చూపించు. ఆగు, కళ్ళజోడు... నెత్తి మీదే ఉందా, సరేలే. ఎవరీవిడ? మందుల షాపు ముందు నిలబడ్డ ఈ పెద్దావిడా? హీరోయినా! ఓహో, అప్పుడలా, ఇప్పుడిలా అని పక్కపక్కన పెట్టారా. కింద రాసింది నువ్వే చదువు, నాకు ఆనదు. ఊఁ... "గుర్తుపడితే గొప్పే"... ఊఁ... "మెరుపుతీగ కాస్తా..." చాల్లే, ఆపు. ఆపమన్నానా! కోపం కాదే తల్లీ, ఇలా వచ్చి కూర్చో. నీకు చదువులక్క సంగతి ఎప్పుడైనా చెప్పానా? చెప్పలేదు, నాకు తెలుసు. మీ తాతకే చెప్పలేదు, ఇంక నీకేం చెప్తాను.

పెళ్ళికి ముందు నేను బైండింగ్ షెడ్డులో పనిచేశానని తెలుసుగా. రేకుల కప్పు, ఎండొస్తే పెనం, వానొస్తే డోలు. నేల మీద రెండు వరసల్లో ఇరవై మంది ఆడవాళ్ళం, మూల కుర్చీలో మేస్త్రీ. ఆయనకి చెవుడు, అదొక్కటే మా అదృష్టం. ప్రెస్సు నుంచి అచ్చయిన పెద్దపెద్ద కాగితాలు కట్టలుగా వచ్చేవి. ఫారాలు అనేవాళ్ళం. అటూ ఇటూ కలిపి ఒక్కోదాని మీద పదహారు పేజీలు, సగం తలకిందులుగా ఉంటాయి. నంబరు మీద నంబరు పడేలా మడవాలి, చెక్కబద్దతో ఒక్క గీత గీయాలి, పక్కన పెట్టాలి. అంతే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఇదిగో ఈ బొటనవేలు చూడు, ఇంకా వంకరే. ఆ కాగితం మీద బొమ్మేమిటో రాతేమిటో మా కళ్ళకి ఆనేది కాదు. మూలనున్న నంబరొక్కటే మా లోకం. అందులో వారం వారం వచ్చేది ఒక సినిమా పత్రిక. ఊరంతా డబ్బిచ్చి కొనుక్కుని చదివే కబుర్లు రెండు రోజుల ముందే మా ఒళ్ళో పడేవి. పడితే ఏం లాభం, చదవడం వస్తేగా! నాకు నాలుగో తరగతి చదువు, కూడబలుక్కుని లాగేదాన్ని. మిగతావాళ్ళకి అదీ లేదు.

చదువులక్క వచ్చాక మా పంట పండింది. నలభై దాటిన మనిషి, బొద్దుగా, నెరిసిన జుట్టు గట్టిగా ముడేసుకుని ఉండేది. ఎక్కణ్ణుంచి వచ్చావక్కా అంటే "మీరెక్కణ్ణుంచి వచ్చారో నేనూ అక్కణ్ణుంచే, ఆకలి తీసుకొచ్చింది" అనేది. ఇంక అడగలేదు. అసలు పేరూ అడగలేదు, మాకు చదివిపెట్టేది కాబట్టి చదువులక్క అన్నాం. ఏం గొంతే అది! హీరో మాట హీరోలా, వాళ్ళమ్మ మాట వాళ్ళమ్మలా, ఆ రాసేవాడి వెకిలితనం కూడా అచ్చు వాడిలాగే చదివేది. కూలి మడిచిన ఫారాల లెక్కన, అందుకని ఆవిడ చదువుతున్నంతసేపూ తలా కాసిని ఫారాలు మడిచి ఆవిడ గుట్టలో పడేసేవాళ్ళం. చదివేది ఎంత ఘాటుగా ఉంటే గుట్ట అంత ఎత్తు పెరిగేది. మాకు అన్నం లేకపోయినా ఫర్వాలేదు, ఎవరి కాపురం ఎక్కడ బీటలు వారిందో తెలియాలి. ఆ రాతలూ అలాగే ఉండేవి. హీరోకి పొట్టొస్తే "హుందాతనం వచ్చింది" అని రాసేవాళ్ళు. అదే హీరోయిన్‌కి వస్తే "డ్రమ్ము". ఆయన నాలుగో పెళ్ళి చేసుకుంటే "ప్రేమ కోసం తపించే మనసు", ఆవిడ విడాకులంటే "బరితెగింపు". గొప్పింట్లో పుట్టిన పిల్ల మూతి ముడుచుకుంటే ఆత్మాభిమానమట, గుడిసెలో పుట్టింది మూతి ముడుచుకుంటే పాత రోజులు మరిచిపోయిందట. మేమందరం ఎవరం? గుడిసెల్లోంచి వచ్చినవాళ్ళమేగా. అయినా పగలబడి నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వామంటావా? ఏమోనే. పైకెక్కిన మనలాంటిది కిందపడితే మన నడుం నొప్పి కాస్త తగ్గినట్టుండేదేమో.

ఆ రోజు వాన. నాదీ అక్కదీ ఒకటే సందు, నా గొడుగులోనే ఇద్దరం వచ్చేవాళ్ళం. నల్ల గొడుగు, చిరిగినచోట తెల్లగుడ్డ ముక్క వేసి నేనే కుట్టాను. ఆ గొడుగు గుర్తుపెట్టుకో. ఫారాలొచ్చాయి, అక్క పైది తీసి చూసింది. చూసి సగం మడిచి, మళ్ళీ విప్పింది. జిగురు పిన్ని, అంటే మాకు జిగురు కాచిపెట్టే పెద్దావిడ, "ఏమిటే, గొంతులో ముల్లు గుచ్చుకుందా? చదువు!" అని కేకేసింది. అప్పుడు మొదలుపెట్టింది. "ఒకప్పుడు కుర్రకారుకి నిద్ర లేకుండా చేసిన నడుము ఇదేనంటే మీరు నమ్మరు." మా వాళ్ళంతా సర్దుకుని కూర్చున్నారు. ఎవరో పాత డాన్సులమ్మాయట, నాలుగైదు సినిమాల్లో వెలిగిందట. నిర్మాత ఒకడు ఇల్లు కట్టిస్తానన్నాడట, కట్టలేదట, కడుపు చేశాడట, అదీ నిలవలేదట. నిర్మాత పేరు రాయలేదు. "ఒక పెద్దమనిషి" అని రాశారు. ఆవిడ పేరు మాత్రం ఇంత లావు అక్షరాల్లో. "ఇప్పుడు ఏదో షెడ్డులో కూలి చేసుకుంటోంది" అని చదివి ఆగింది అక్క. కాగితం ఒళ్ళో పెట్టుకుని మా అందరి మొహాలూ వరసగా చూసింది. "ఇంతకీ ఆవిడ తప్పేమిటంటారు?" అంది.

అలా ఎప్పుడూ అడగలేదు. చదవడమే తప్ప మమ్మల్ని అడగడమనేది లేదు. అందరూ ఫారాల మీదికి వంగారు. నాకేం, పద్దెనిమిదేళ్ళు, నాలుక దురద. "నడుం పోతే పోయింది, సిగ్గైనా మిగుల్చుకోవాల్సింది!" అన్నాను. షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు నవ్వారు. చెవిటి మేస్త్రీ కూడా ఏం అర్థమైందో ఏమో పళ్ళికిలించాడు. అక్కా నవ్వింది. అవునే, నవ్వింది! నాకింకా కళ్ళకి కట్టినట్టుంది, పైపళ్ళు కనపడేలా నవ్వి "నీ నోరు మంచిదే" అంది. ఆ రోజు ఆవిడ గుట్ట ఎంత ఎత్తు పెరిగిందనుకున్నావ్, ఎప్పుడూ అంత పెరగలేదు. అయితే అప్పుడొకటి చేసింది. "ఈ ఫారం కట్టలన్నీ నా దగ్గర పడేయండి, ఇది నేనే మడుస్తాను, మీరు మిగతావి చూసుకోండి" అంది. పొద్దుగూకేదాకా ఒక్కతే మడిచింది. తల ఎత్తలేదు. బొమ్మ లోపలికి పోయేలా మడవడం, బద్దతో గీయడం. మడవడం, గీయడం.

ఆ ఆదివారం మా వదినకి జాకెట్టు కుడుతున్నాను. షెడ్డులో అచ్చు చెడిపోయిన కాగితాలు మమ్మల్ని తీసుకుపోనిచ్చేవాళ్ళు, వాటి మీదే కొలత గీసుకునేవాళ్ళం. ఒకటి నేల మీద పరిచి సుద్దముక్క పట్టుకున్నాను. గొడుగు కనపడింది. నల్ల గొడుగు, తెల్ల అతుకు. నా గొడుగు! అచ్చులో నా గొడుగేమిటే అని వంగి చూస్తే దాని కింద మా షెడ్డు గేటు, గేటు ముందు టిఫిన్ డబ్బాతో చదువులక్క. పక్కన ఇంకో బొమ్మ, ఇంత కాటుక, ఇంత కొప్పు, వెనక్కి విరిచిన నడుము. ఆ పెదవీ ఈ పెదవీ ఒకటే. గొడుగు పట్టుకున్న చెయ్యి నాదే, మోచేతి దాకా ఉంది, మిగతా నన్ను కోసేశారు. వదిన "ఏమైందే, దెయ్యాన్ని చూశావా" అని అడుగుతూనే ఉంది.

కూర్చుని కూడబలుక్కుని మొదటినుంచీ చదివాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. ఆవిడ తన మీద రాసిన ఒక్క ముక్కా వదల్లేదే! నడుమూ, నిర్మాతా, కడుపూ అన్నీ చదివింది మాకు. షెడ్డులో కూలి అన్నదీ చదివింది. దాని తర్వాత ఒక్క వాక్యం మాత్రం మింగేసింది. అదేమిటో తెలుసా? "చెమట కంపు కొట్టే, అక్షరం ముక్క రాని మంద మధ్య ఆమె బతుకు తెల్లారుతోంది." మంద! మేము! ఇంత పెద్ద అచ్చులో! తను దొరికిపోతానని వదిలేసింది అంటావా? నేనూ చాలా ఏళ్ళు అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ దొరకకూడదనుకుంటే మొత్తం దాటేసి ఇంకేదైనా చదవచ్చుగా. ఎవరు కనిపెడతారు, ఆ మందలో? ఆ ఒక్క ముక్కా మా కోసమే మింగింది. ఒక్కళ్ళు, ఇరవై మందిలో ఒక్కళ్ళు "అయ్యో, ఆవిడ తప్పేముంది" అంటే, ఆవిడ ఆ కాగితం మా ముందు తిప్పి చూపించేదని నా నమ్మకం. అందుకే ఆగింది. అందుకే మొహాలు చూసింది. ఎవరూ అనలేదు. నేను అన్నది నీకు చెప్పాగా.

సోమవారం సందు చివర కలిసింది. వాన లేదు, గొడుగు తేలేదు. "జాకెట్టు కుట్టావా?" అంది. అంటే వేస్టు కాగితం పట్టుకెళ్ళడం చూసింది! "కుట్టానక్కా" అన్నాను. "కాగితం మీద ఏముందో చూశావా?" "నాకెక్కడ చదవడం వచ్చక్కా, కత్తిరించేశాను" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి తలూపింది. వారం తిరక్కుండానే మానేసింది. ఎక్కడికెళ్ళిందో తెలియదు, చనిపోయిందని మాత్రం ఎన్నో ఏళ్ళకి ఎవరో అన్నారు. ఆవిడ వెళ్ళాక, బజార్లో కొన్న పత్రికలో మేస్త్రీ భార్య బొమ్మ గుర్తుపట్టి చెప్పింది. మా వాళ్ళేమన్నారో తెలుసా? "చూశావా, మన మధ్య కూర్చుని మన దగ్గరే నాటకమాడింది!" జిగురు పిన్ని అయితే "ముందే చెప్తే మంచి చీర గురించైనా అడిగేదాన్ని" అంది.

తర్వాతి వారం ఫారాలొచ్చాయి. "నీకు కాస్త వచ్చుగా, నువ్వు చదువు" అని కాగితం నా ఒళ్ళో పెట్టారు. ఏం చేశానంటావేంటే? చదివాను. మొదట్లో తడబడ్డాను, తర్వాత గొంతు తిరిగింది. పెళ్ళయ్యేదాకా మూడేళ్ళు చదివాను, డ్రమ్ము అని ఉంటే డ్రమ్మనే చదివాను, ఇంకో రెండు నావి కలిపాను కూడా. నా గుట్టా పెరిగింది. ఒక్క వాక్యమైనా మింగానా అని అడగవేం? అడుగు. వద్దులే, అడక్కు.

ఆ ఫోను ఇలా తే. ఈ ముసలావిడ చెయ్యి పట్టుకుని ఒకమ్మాయి నిలబడింది చూడు, సగం మొహం కోసేశారు. ఆ పిల్లెవరో రాశారా? కిందికి జరుపు. ఇంకా కిందికి.

రాయలేదా. సరే, కట్టెయ్.