పొగ వాసన

చైనాలోని యీవూ కొండ ఊళ్లో, అమ్మ పోయిన పాతికేళ్లకు, ఆవిడ చేత్తో అచ్చువేసిన, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి రుచెక్కే పూఅర్ టీ బిళ్ళలు చెరొకటి ముందు పెట్టుకుని కూర్చున్నారు అక్కాచెల్లెళ్లు. చెల్లెలు తన బిళ్ళను గ్వాంగ్‌జౌలోని అత్తారింటి నుంచి తెచ్చుకుంది.

"ముందు నీది చూద్దాం. అబ్బ, ఎంత నల్లగా దిగిందే!"

"మా ఊరి ఉక్కకి బాగా ముదిరిందక్కా. పదికి ఎన్నిస్తావ్?"

"తొమ్మిది. గొంతులో తీపి నిలిచింది. ఇక నాది తాగు."

చెల్లెలు ఒక్క గుక్క తాగి గిన్నె దించేసింది.

"ఏమే, అంత చేదుగా ఉందా?"

"పొగ వాసనక్కా."

"ఇవి చేసిన ఏడు వాన వదల్లేదు కదా, అమ్మ ఆకుని పొయ్యి మీద ఆరబెట్టింది. కొనేవాళ్లు ఈ పొగకే వంక పెడతారు."

"అమ్మ జుట్టు ఇదే వాసన వేసేది. నా దాంట్లో ఎప్పుడో పోయింది. పోయిందని కూడా నాకు తెలీలేదు."

"ఏడవకే. ఇది నువ్వు పట్టుకుపో."

"వద్దక్కా, మా ఊరి ఉక్కకి దీని పొగ కూడా పోతుంది. ఇక్కడే ఉంచు. ఏటా వచ్చి తాగుతాను."

"ఏటా వస్తానని పెళ్లినాడూ అన్నావ్."

"మళ్ళీ రావాలంటే ముందు వెళ్లాలి కదా. ఆకు కోత అయ్యేదాకా నేనిక్కణ్ణించి కదలను."