పిప్పరమెంటు సీసాలో పరిగెలు

"అమ్మమ్మా, నీసు ముట్టని ఇంట్లో ఈ చేపలేంటి? తాతయ్య ఎలా ఒప్పుకున్నాడు?"

ఓసి గుంటా, ఇన్నాలకి అడిగేవేటి! ఉండు, ఆటికి కాసిన్ని నూకలేసి కూకుంటాను. సిటికెడు సాలు. ఎక్కువేస్తే తినలేక నీళ్లు పాడుసేస్తాయి. సూసేవా ఎలగ పైకొచ్చేస్తన్నాయో! పరిగెలే ఇవి, మరేటీ కావు. ఆ తోక మొదట్లో నల్లబొట్టు సూడు, దిష్టిసుక్క ఎట్టినట్టు లేదూ? మెల్లగా మాటాడుకుందాం. మీ తాత కొట్లో కునుకు తీస్తన్నట్టే ఉంటాడు గానీ సెవులు మాత్రం ఇటే ఉంటాయి.

ఈ పిచ్చి నాది కాదే, మా అయ్యది. మాది బొబ్బిలి కదా, అయ్యకి అక్కడ బట్టల కొట్టు. ఊరొదిలి ఎల్లిపోతన్న దొర ఎవడో సామాన్లు అమ్మేస్తంటే అందరూ కుర్సీలూ బల్లలూ కొనుక్కుంటే మా అయ్య గుండ్రటి గాజు తొట్టె కొనుక్కొచ్చేడు. మూడు రూపాయిలు! రూపాయి పట్టుకెల్తే బస్తా నిండీ రోజులవి. బస్తా అంటే... బస్తా కాదులే, మూటడు బియ్యం అనుకో. మా అమ్మ ఏడాది పొడుగూ దెప్పింది, మీ ముత్తమ్మమ్మ నోరు నీకు తెల్దు గానీ. నాను మాత్రం పలక బలపం ఒగ్గేసి ఆ తొట్టె ముందే కూకునీదాన్ని. అయ్య ఒకటే సెప్పీవోడు: "అమ్మడూ, నీళ్లు మార్సినప్పుడు పాత నీళ్లు సగం ఉంచాల. ఒక్కసారే కొత్త నీళ్లలో ఏసీసేవనుకో, అయి బెంగెట్టుకుని సచ్చిపోతాయి." బెంగో మరేటో, అయ్య అలగే అనీవోడు.

కాపరానికొచ్చినప్పుడు ఆ తొట్టె నాకే ఇచ్చేసేడు. బొబ్బిలి నించి సీపురుపల్లి దాకా ఎడ్లబండిలో ఒళ్లో ఎట్టుకుని ఒచ్చేనే! బండి కుదుపుకి నీళ్లు తొణికి పట్టుసీర తడిసి ముద్దయిపోనాది. మా అత్తగోరు హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాది. నన్ను సూసింది, ఒళ్లో తొట్టె సూసింది. "ఏటే, సావుకారింటికి సేపల్తో దిగుతావా? ఊరోలు ఏటనుకుంటారు?" అన్నాది. ఆవిడ సెడ్డది కాదమ్మా, తప్పుగా అనుకోకు. నా పురుళ్లన్నీ ఆవిడే సేసింది. గానీ ఆ రోజు మాత్రం ఆ సేపల్ని కాలవలో ఒదిలీసేదాకా గుమ్మం తొక్కనివ్వనేదు. తొట్టెని అదే బండిలో బొబ్బిలికి తిప్పి పంపించీసింది.

మీ తాత అప్పుడు ఇరవయ్యేళ్ల కుర్రోడు. నాతోటి కాలవ దాకా ఒచ్చేడు. నోరిప్పి ఒక్క మాట అన్నేదు. తల దించుకుని తన కాలి ఏళ్లు సూసుకుంటా నిలబడ్డాడు. నాను ఒక్కోటీ ఒదుల్తా ఏడుస్తంటే అలగే నిలబడ్డాడు. పిల్లలు పుట్టినారు, మీ అమ్మ పుట్టింది, అత్తగోరు పోయింది, అన్నీ అయినాయి. గానీ ఆ మూగ నిలబాటు ఉన్నాదే, అది నా మనసులో ముల్లులాగ ఉండిపోనాది. పైకి ఏటీ అన్నేదు నాను. కూరలో ఉప్పెక్కువైతే మీ తాతకే ఎక్కువ ఒడ్డించీదాన్ని, అంతే.

ఇదిగో, ఈ యుద్దం ఒచ్చింది సూడు. విశాపట్నంలో బాంబులు పడ్డాయని జనం మూటలు నెత్తినెట్టుకుని రైలుకి సీపురుపల్లిలో దిగీవోరు, మన అరుగు మీద కూడా పడుకున్నారు. పంచదారకి కంట్రోలు, కిరసనాయిలుకి కంట్రోలు. పంచదార నేకపోతే పిప్పరమెంటు బిళ్లలు ఎక్కడివి? కొట్లో ముందు వరసలో ఉండీ ఈ పెద్ద సీసా, ఇదేనే, ఇది ఖాళీ అయిపోనాది. పిల్లలొచ్చి ఖాళీ సీసానే సూసి ఎల్లిపోయీవోరు పాపం.

ఆ యేడు వానలకి పెరటెనకాల కాలవ పొంగింది. బట్టలు జాడించడానికి ఎల్లేను. సీర ముంచి ఎత్తితే మడతలో తళతళమని ఏటో కదిల్నాది. సూస్తే పరిగెలు! ఓలమ్మో, నా పేణం లేచొచ్చింది. మనవలున్న ముసిల్దాన్ని, మోకాళ్ల దాకా బురదలో నిలబడి సీర కొంగుతో సేపలు పట్టేనంటే నమ్ముతావా? దారిన పోయీవోలు నవ్వేరు. "సావుకారమ్మ పప్పు మానేసి పులుసుకి దిగింది" అన్నారు. అననీ.

ఇంటికొచ్చి కొట్లోంచి ఆ సీసా ఎత్తుకొచ్చేను. ఎదవ బుద్ది, మన ఆడోల్లకి శుబ్రం పిచ్చి కదా. చింతపండూ బూడిదా ఎట్టి గాజు మిలమిల మెరిసేలాగ తోమేను. నూతిలో నీళ్లు తోడి నిండా పోసి సేపల్ని అందులో ఏసేను. పొద్దు వాలకుండానే అన్నీ ఎల్లకిలా తేలిపోనాయి. అప్పుడు గుర్తొచ్చినాది మా అయ్య మాట. సగం పాత నీళ్లు! ఎంత ఏడ్సేనో. మర్నాడు బిందె పట్టుకెల్లి కాలవ నీళ్లతోటే తెచ్చేను సేపల్ని. అప్పట్నించి మరి బతికినాయి.

మీ తాత సూసి ఒకటే అన్నాడు. "యుద్దం ఆగి బిళ్లలొస్తే నా సీసా నాకిచ్చీయాల. అందాకా నీ ఇష్టం." సరే అన్నాను. మరేటంటాను? కొట్టు ఆడిది, సీసా ఆడిది. ఊల్లో ఊరుకుంటారేటి? సావుకారి కొట్లో కందిపప్పు నీసు వాసనేస్తందని ఎవడో పుట్టించేడు. రెండు మూడు ఇల్లోలు బేరం మానేసి పక్క కొట్టుకెల్లేరు. మీ తాత మాటాడ్నేదు. మాటాడితే మీ తాతెందుకవుతాడు! నాను మాత్రం లోపల్లోపల బెదిరిపోయేదాన్ని. ఏ రోజు ఒచ్చి, తీసీవే ఆటిని, అంటాడో అని.

యుద్దం ఆగిపోనాది. ఊరంతా సంబరం. నాకు మాత్రం ఏడుపు, ఎవరితో సెప్పుకుంటాను? బిళ్లలింకా రానేదు, పోనీలే అనుకుంటంటే ఓ రోజు ఇజీనగరం నించి కబురొచ్చింది, రేపు బండిలో బిళ్లలొస్తన్నాయని. పొద్దున్నే లేచి సేపల్ని, ఆటి నీళ్లతో సహా, బిందెలో ఒంపేను. సీసా తుడిసి కొట్లో మీ తాత ముందు టక్కుమని ఎట్టి, "ఇదిగో మీ సీసా" అన్నాను. ఒంటింట్లోకొచ్చి బిందె పక్కన కూకున్నాను. మళ్లీ కాలవే గతి అనుకున్నాను. ఈసారి ఏడవకూడదు, ముసిల్దాన్నయిపోయేను, అనుకున్నాను గానీ కళ్లు మన మాటింటాయేటి?

ఎంతకీ కాలవకెల్లడానికి కాళ్లు రావు. సివరికి లేచి బిందె సంకనెత్తుకుని పెరటి గుమ్మంలోకొచ్చేను. ఎదురుగా మీ తాత! పంచి మోకాళ్ల దాకా తడిసిపోయి, కాల్లకి బురద, రెండు సేతుల్తో సీసా గుండెకి ఆన్సుకుని ఒస్తన్నాడు. జన్మలో ఇంట్లోకి సెంబుడు నీళ్లు తోడి ఎరగడమ్మా ఆయన! కాలవ నీళ్లు తెచ్చేడు. గానీ సీసాకి సగమే ఉన్నాయి.

"సగమే పోసేరేటి?" అన్నాను.

"మిగతా సగం ఆటి పాత నీళ్లు పొయ్యొద్దేటే? అన్నేళ్లు సూసి ఆమాత్రం తెల్దా నాకు?" అన్నాడు.

అంతేనమ్మా. కాలవ గట్టున ఆ రోజు నిలబడ్డాడు సూడు, ఆ మాట ఎత్తనేదు, నానూ ఎత్తనేదు. బిందెలో నీళ్లు సీసాలో ఒంపుతంటే మాత్రం తన సెయ్యి నా సేతికింద పట్టేడు, ఒలికిపోకుండా. ముల్లు ఎక్కడికెల్లిపోనాదో తెల్దు మరి.

బిళ్లలా? ఆటిని పాత బిస్కట్ల రేకు డబ్బాలో పోసేడు. అదిగో, ఆ సొట్టపడ్డ డబ్బాయే. పిల్లలొచ్చి, "తాతా, ఇందులో బిళ్లలు కనపడవు కదా" అంటే, "కనపడకపోతే తీపి తగ్గిపోద్దేట్రా?" అని కసురుతాడు.

ఇది నీకెందుకు సెప్తన్నాననుకుంటన్నావు? ఒచ్చే నెల అత్తోరింటికెల్తన్నావు. మీ అమ్మని అడిగితే గిన్నెలిస్తాది, సీరలిస్తాది. నా దగ్గిర ఈ సిన్న బిందె ఉన్నాది, మూతుంది దీనికి. నీక్కావలిస్తే నాలుగు పరిగెలు పట్టుకెల్లు. ఒద్దంటావా, ఒద్దులే, ఉత్త నీళ్లయినా పట్టుకెల్లు. అక్కడ నూతి నీళ్లు సగం పోస్తారు, పొయ్యనీ, మంచిదే. మిగతా సగం ఇక్కడివి ఉండాల తల్లీ. ఆ సంగతి తెలిసినోడు అయ్యుండాల నీ మొగుడు. ముందే తెలిసుంటే మరీ మంచిది. మీ తాతలాగ ముసిలాడయ్యేదాకా నేర్చుకోకుండా...

ఏటండీ? ఆఁ, ఏసేనండీ, నూకలు ఇందాకే ఏసేను! విన్నావా? కునుకంట, కునుకు...