ఫొటోకు దండ

తాండూరులోని పాత బంగ్లాలో షూటింగ్ మొదలవబోతోంది. హాలు గోడ మీద తన భర్త ఫొటోకు చామంతి దండ వేసి ఉండటం చూసి కస్తూరమ్మ అరిచింది.

“ఎవరేసిండ్రు గా దండ? తియ్యి ముందు!”

“సినిమాలో హీరో తండ్రి ఫొటో అమ్మా. రెండు నిమిషాల షాట్, అంతే,” అన్నాడు మేనేజర్.

“నిజాం జమానాల కట్టిన ఇల్లిది. జైలని సినిమా తీసిండ్రు, దవాఖాన అని తీసిండ్రు, ఏమన్న అన్ననా? గిప్పుడు పట్నంల ఆయనకు గుండె ఆపరేషన్ అయితున్నది!”

“ఫొటో ఇచ్చింది సారేనమ్మా. ‘మళ్ల వస్తనో రానో, మా తాత కట్టిన ఇంట్ల నేను గూడ ఒక్కసారి కనబడాలె’ అన్నారు.”

కస్తూరమ్మ స్టూలెక్కి దండ తెంపింది.

“కనబడనీ. గని మీ కథ మార్చుండ్రి. గా తండ్రి బతికే ఉన్నడు.”