అతివేగానికి చలానా పడిన కంప్యూటరు

రాకెట్ బాబాయి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే పక్కవాళ్ళు తమ గ్లాసులు గట్టిగా పట్టుకోవాల్సిందే. మాట మొదలైతే ఆయన చేతులు ఎటు పోతాయో ఆయనకే తెలీదు. కంప్యూటర్లు బాగుచేస్తాడు, పనిమంతుడే. నోటితోనే వచ్చింది చిక్కంతా. ఒక స్క్రూ బిగించి వస్తే చాలు, మునిగే ఓడని ఒంటి చేత్తో ఒడ్డుకి లాగినట్టు చెబుతాడు.

ఆ ఉదయం మాత్రం ఆయన కోతలు కోయడానికి రాలేదు, నమ్మండి. గబగబా టీ తాగి జారుకుందామనే వచ్చాడు. కడుపులో ఒక రహస్యం ఉంది మరి. రహస్యాలు ఆయన ఒంటికి పడవు.

సంగతేమిటంటే, ఎదురు వరసలో టైలరు పెద్దాయన కూతురు టైపింగు షాపు నడుపుతోంది. నెల రోజులుగా ఆమె కంప్యూటరు నత్తనడక నడుస్తోంది. నిన్న మధ్యాహ్నం పూర్తిగా మొరాయించింది. సాయంత్రం ఐదింటికల్లా ఒక కాలేజీకి నూట ఎనభై పేజీలు అప్పగించాలి, లేదంటే ఆ పని ఇంకో షాపుకి పోతుంది. కబురందగానే బాబాయి పరుగెత్తాడు. ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములు ఆపాడు, నిండిపోయిన డిస్కులో చెత్తంతా తీసేశాడు. కాస్త కదిలింది గానీ పది నిమిషాలకి మళ్ళీ అదే తంతు. అప్పుడు పెట్టె మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది. దానికి తొడిగిన గుడ్డ కవరు తీసి పక్కన పెట్టాడు. అంతే, అరగంటలో మిషను మామూలైంది, ఐదుకి ముందే పేజీలన్నీ కాలేజీకి చేరాయి.

ఆ కవరు కుట్టింది టైలరు పెద్దాయనే. ఏడాదిపాటు చచ్చుబడిన కుడిచెయ్యి మళ్ళీ దారికొచ్చాక ఆయన కుట్టిన మొదటి కుట్టు అది. రెండు పొరల గుడ్డ, మధ్యలో దూది, అంచులకి పైపింగు. కూతురి మిషనుకి దుమ్ము తగలకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టాడు. నాన్న కుట్టింది కదా అని ఆమె పని చేసేటప్పుడు కూడా తీసేది కాదు. తండ్రీకూతుళ్ళ ప్రేమకి గాలాడక పాపం ఆ మిషను ఉక్కిరిబిక్కిరైంది.

"బాబాయ్, నాన్నకి మాత్రం చెప్పకు," అంది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. "తన కుట్టే చేటు తెచ్చిందని తెలిస్తే మళ్ళీ సూది ముట్టుకోడు. ఇవాళ నా పని నిలబెట్టావు, నీ మేలు మరిచిపోను. ఈ ఒక్కటి కూడా చేసిపెట్టు."

బాబాయి మాటిచ్చాడు. ఇవ్వడా మరి? ఈ వీధిలో ఆయన కోతల్ని మధ్యలో లేచిపోకుండా చివరిదాకా వినే మనిషి ఆ పెద్దాయన ఒక్కడే. అందుకు బాబాయికి ఆయనంటే ప్రాణం.

టీ సగంలో ఉండగా పెద్దాయన రానే వచ్చాడు. బల్ల మీద బస్సు డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, నిన్న అమ్మాయి మిషను బాగుచేశావట. చల్లగా ఉండు నాయనా. ఇంతకీ దానికొచ్చిన జబ్బేమిటి?"

బాబాయి చూపు గ్లాసులోకి దించాడు. "జబ్బా అన్నా? ఏముందీ... కాస్త దుమ్ము."

"కాస్తంటే?"

"గుప్పెడు." పెద్దాయన ఇంకా తననే చూస్తున్నాడు. ఇది చాల్లేదనుకున్నాడు బాబాయి. "గుప్పెడంటే పైపైన తీసింది! లోపల రెండు బస్తాలుంది. పెట్టె విప్పానా, భుస్సుమని లేచిందన్నా, వీధంతా కమ్మేసింది, పట్టపగలు దీపాలు వేసుకున్నారంటే నమ్ము!"

"నిన్న మధ్యాహ్నం నేనూ ఈ వీధిలోనే ఉన్నా. నాకు దీపాలేం కనపళ్ళేదే?" అన్నాడు డ్రైవరు.

"అంత దుమ్ములో దీపాలెలా కనపడతాయయ్యా! మనిషన్నాక ఆలోచించాలి."

టీ కొట్టు అక్క పాలగిన్నె దించుతూ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు చాలు బాబాయికి. జారుకుందామన్న ఆలోచన ఎటు పోయిందో పోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల ప్రోగ్రాములన్నీ ఆస్పత్రి చీటీల దగ్గర జనంలా తోసుకుంటున్నాయి. ఒక్కోదాన్నీ చెవి పట్టుకుని బయటికి లాగాను. నీకిక్కడేం పనీ, పిలిచినప్పుడు రా, అని కసిరాను. నలభై ప్రోగ్రాములక్కా! అందులో ఒకటి, దాన్ని పెట్టినవాళ్ళే మరిచిపోయి మూడేళ్ళయిందట, పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

"ప్రోగ్రాము ఏడ్చిందా?" అంది అక్క.

"స్క్రీను తడిసిందమ్మా! నా జేబురుమాలు పిండితే గ్లాసుడు నీళ్ళు."

"అది సరే," అన్నాడు పెద్దాయన నింపాదిగా, "మిషను వేడెక్కిందా?"

వేడి అంటే ఎందుకంటాడు, ఎందుకంటే కవరు దాకా వస్తాడు అనుకున్నాడు బాబాయి. "వేడా? అబ్బెబ్బే! ఐసుముక్కన్నా! చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి. చలికి వణుకుతూ ఒక్కో అక్షరం రెండేసిసార్లు కొడుతోంది!"

"ఇంత ఎండలోనా?" అన్నాడు డ్రైవరు.

"అదేగా దాని జబ్బు!" అని బల్ల మీద గుద్దాడు బాబాయి. ఇక వెనక్కి తిరిగే దారి లేదు, ముందుకే పోవాలి. "నేను ఊరుకుంటానా? ఒక్క మీట నొక్కాను. ఏ మీటో అడక్కండి, చెబితే మీరు తట్టుకోలేరు. అప్పుడందుకుందన్నా వేగం! అమ్మాయి మొదటి అక్షరం కొట్టేలోపే వాక్యం పూర్తి చేస్తోంది. ప్రింటరు ఉమ్మిన కాగితాలు వీధి దాటి ఎదురింటి మేడ మీద, పేజీ నంబర్ల వరసలో పడుతున్నాయి. ఫ్యాను గాలికి పెట్టె బల్ల మీంచి జానెడు లేచింది. తాడుతో కిటికీ ఊచకి కట్టాను. ఊచ ఊడొచ్చింది! నాలుగింటికి మొదలుపెట్టిన పని మూడున్నరకే అయిపోయింది."

"మొదలుపెట్టకముందేనా!" అంది అక్క.

"అదే మరి వేగమంటే! ఇంకా విను. రేపు రాబోయే మనిషి ఉత్తరం కూడా కొట్టి పెట్టేసింది, అందులో తప్పులు దిద్ది మరీ! ఇంతలో ట్రాఫిక్ పోలీసు షాపులోకొచ్చాడు. ఎంత స్పీడులో నడుపుతున్నారీ మిషనుని, వీధిలో పిల్లలు తిరుగుతుంటారు, బుద్ధుందా అని చలానా రాశాడు. లైసెన్సడిగాడు. నా చేతిలోని స్క్రూడ్రైవరు చూసి, ఓహో తమరా, అని సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు!"

డ్రైవరు పొట్ట పట్టుకున్నాడు. అక్కకి నవ్వలేక దగ్గొచ్చింది. బాబాయి ఓరకంట పెద్దాయన్ని చూశాడు. ఆయన కూడా నవ్వుతున్నాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "అంతా బాగుంది తమ్ముడూ. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఒక్కచోట కుట్టు వదిలేశావు. రెండు బస్తాల దుమ్మన్నావు కదా, లోపలికెలా పోయింది? నేను కుట్టిన కవరుకి సూదిమొన పట్టేంత సందు లేదే!"

నవ్వులు టక్కున ఆగాయి. బాబాయి గబుక్కున గ్లాసెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పొద్దున బీరువాలో చొక్కా కోసం వెతుకుతుంటే అమ్మాయి చీరల అడుగున దాచిన ఆ కవరు దొరికింది," అన్నాడు పెద్దాయన. "వెనకవైపు గుడ్డ కమిలిపోయి ఉంది. నలభై ఏళ్ళుగా ఇస్త్రీపెట్టె పట్టినవాణ్ణి, వేడికి కమిలిన గుడ్డ నాకు తెలీదా? మిషను గొంతు నొక్కింది నేనేనని అర్థమైంది."

"అన్నా, అదికాదు..."

"విను. ఏడాది పాటు ఈ చెయ్యి ముద్ద కూడా ఎత్తలేదు. నేను మళ్ళీ కుట్టు మానేస్తానని మీరిద్దరూ భయపడ్డారు. నా మనసు నొచ్చుకోకూడదని నువ్వు పోలీసుని కూడా పిలిపించావు." పెద్దాయన బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. "బిడ్డ పని నిలబెట్టావు, నా పరువూ నిలబెట్టాలని చూశావు. సొంత తమ్ముడు కూడా ఇంత చెయ్యడయ్యా."

బాబాయి తల వంచుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "నీ మంచితనం అన్నా అదంతా," అని మాత్రం గొణిగాడు. కొట్టు అక్క అడక్కుండానే ఇద్దరికీ ఇంకో టీ పోసింది.

పెద్దాయన జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. పెన్సిలు కుడిచేత్తోనే పట్టుకున్నాడు, వేళ్ళు కాస్త వణుకుతున్నా పట్టు వదల్లేదు.

"ఆ కవరు విప్పి మళ్ళీ కుడతాను. ఈసారి వెనకాల గాలికి దారి వదులుతాను. ఆ ఫ్యాను కంత ఎంత వెడల్పుంటుందో చెప్పు."

అలవాటు కొద్దీ బాబాయి చేతులు రెండూ బారెడు విచ్చుకున్నాయి. డ్రైవరు తన గ్లాసు పక్కకి జరుపుకున్నాడు. బాబాయి ఆ చేతుల్ని ఓసారి చూసుకున్నాడు. మెల్లగా దగ్గరికి తెచ్చాడు, ఇంకా దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి తెచ్చి ఆపాడు.

"ఐదంగుళాలన్నా."

పెద్దాయన మళ్ళీ అడగలేదు. ఐదని రాసుకున్నాడు.