సుంకమ్మ ఊ కొట్టిన సినిమా

సుంకమ్మ లేకపోతే ఆ ఊర్లో కథే సాగేది కాదంట. కథ చెప్పేది ఆమె కాదు, ఊ కొట్టేది ఆమె. విత్తనం చెనిక్కాయలు ఒలిచేకి ఆడోళ్లంతా కూచుంటారు గదా, వేళ్లు నొప్పి పుడతాయి, నిద్ర తూగుతాది, అప్పుడు ఎవురో ఒకరు కథ ఎత్తుకుంటారు. ఎత్తుకుంటే ఊ కొట్టేవాళ్లు ఉండాల. ఊ ఆగిందా, చెప్పేవాళ్లు కూడా అక్కడికి ఆపేయాల, అది ఆ ఊరి కట్టుబాటు అనుకో. సుంకమ్మ ఊ ఒకటే రకం కాదు. రాజు పెండ్లికి ఒక ఊ, రాచ్చసుడు వస్తే ఒక ఊ, సవితితల్లి అన్నం పెట్టకపోతే పండ్లు పటపటా కొరికి ఇంకో ఊ. మీరు కొడతా ఉండారే, ఇట్ల అరకొర ఊ కాదు. ఆమెకి ఓబులమ్మ అని స్నేహితురాలు, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నోళ్లు. ఓబులమ్మ తమ్ముడు టౌనులో వీడియో క్యాసెట్లు బాడిగకిచ్చే అంగడి పెట్టి, నడవక మూసేసినాడు. మంచి క్యాసెట్లన్నీ ఎవరెవరో పట్టుకపోయిరి. ఎవురూ చూడని తెల్లోళ్ల సినిమాలు ఒక గోతం నిండా మిగిలితే, టీవీ, డెక్కు, ఆ గోతం తెచ్చి అక్క ఇంట్లో పడేసి పోయినాడు. ఓబులమ్మకి పుట్టినప్పటి నుంచి ఒకటే జబ్బు, ఏదన్నా మూసిపెట్టింటే తెరిచి చూడాల. సుంకమ్మ దగ్గరికి పోయి, రామ్మే, చూద్దాం అనింది. తెల్లోళ్ల మాటలు నాకేం తెలుస్తాయిలే అని ఈమె. తెలిసేదేముందిమే, కండ్లుండాయి గదా, ఎవురూ తీసుకోలేదంటే దాంట్లో ఏముండాదో చూడాల గదా అని ఆమె.

సరే, మధ్యాన్నం అన్నాలు తిని, కిటికీకి గోనెసంచులు కట్టి, ఇద్దరూ కూచున్నారంట. మొదటి క్యాసెట్లో ఏమైందంటే, ఒకడు వీపు మీద తలుపు మోసుకోని ఊరంతా తిరుగుతాడు. ఎదురొచ్చినోళ్లు ఆ తలుపు తీసి చూస్తారు, మొగం మాడ్చుకోని పోతారు. ఏం చూసిరో మనకి చూపించడు. అయిపాయె. రెండోదాంట్లో ఒక ముసలామె, పిల్లోళ్ల చెప్పులు కడిగి కడిగి వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో పాలు పోస్తాది. ఆ చెప్పుల పిల్లోళ్లు యాడబోయిరిమే అని సుంకమ్మ ఓబులమ్మ పక్కకి జరిగింది. జరిగినా నోరు ఊరుకోదు, ఊ, ఊ అంటానే ఉందంట. సినిమాకి ఎవురన్నా ఊ కొడతారామే అని ఓబులమ్మ ఒకటే నవ్వు. నవ్వుతానే మూడోది ఏసింది. అందులో ఎనిమిదేండ్ల పాప. పాప అమ్మ చచ్చిపోయింది, పూడ్చేది మొదట్లోనే చూపించినారు. అమ్మని పూడ్చినాక పాప పెద్దింట్లో ఒకతే ఉండాది, నేల కింద గదిలో నుంచి ఎవురో పిలుస్తారు. ఆ గొంతు అమ్మదే. పాప కొవ్వొత్తి ముట్టించుకోని మెట్లు దిగతా ఉంది. సుంకమ్మ ఊ అంటే ఒక మెట్టు, ఊ అంటే ఇంకో మెట్టు. మూడు మెట్లయినాక ఈమెకి తట్టింది, నేను కొడతా ఉంటే గదా ఈ పాప దిగతా ఉండేదని. చెంగు నోట్లో కుక్కుకుంది. అదే పొద్దుకి కరెంటు పాయె.

ఆ పొద్దుకి కరెంటు రోజూ తీసేదే అనుకో. అయినా సుంకమ్మకి ఎవురు చెప్పాల? నేనే ఆపితినిమే అనింది. సాయంత్రం కరెంటొస్తే ఓబులమ్మ మళ్లీ ఏయబోయింది, ఈమె డెక్కులో నుంచి క్యాసెట్టు లాక్కోని చంకలో పెట్టుకోని ఇంటికి పోయింది. మరుసటి రోజు ఓబులమ్మ వెంటబడింది. చూస్తే ఏమవుతాదిమే, అది బొమ్మ అని ఆమె. బొమ్మయితే నీకెందుకంత తహతహ అని ఈమె. కిందేముందో తెలియక నాకు అన్నం సయించడం లేదుమే. నాకూ సయించలేదులే పో అని సుంకమ్మ తలుపేసుకుంది. నిజంగానే సయించలేదంట. ముద్ద నోటికాడికి తెస్తే ఆ పాపే కనపడతాది, నాలుగో మెట్టు కోసం కాలు ఎత్తి అట్లే నిలబడి ఉంటాది. మూడో దినం ముద్ద కంచంలో ఏసేసి లేసింది. అయ్యో, కాపాడితినని అనుకుంటిని, ఆ బిడ్డని చీకట్లో ఒకదాన్నే నిలబెట్టి నేనొచ్చేస్తిని గదా అని ఏడ్చుకుంటా క్యాసెట్టు తీసుకోని ఓబులమ్మింటికి పోయి, ఎయ్యిమే అనింది.

ఓబులమ్మ ఏసింది. సుంకమ్మ టీవీకి మొగం ఆనేంత దగ్గర కూచుని ఊ అనింది. ఇంతవరకూ ఎవురూ ఇనని ఊ అంట అది, నేనుండాలే, నువ్వు నడువు అన్నట్ల. పాప దిగింది. ఇంకా దిగింది. కొవ్వొత్తి ఆరిపోయింది. అమ్మ పిలుపూ ఆగిపోయింది. చీకట్లో అడుగుల చప్పుడు ఒకటే. కాసేపటికి తెల్ల అచ్చరాలు పైకి పోతా వచ్చినాయి. ఇంతేనా, ఏముండాదో చూపించకుండా ఎట్ల ఆపుతాడు వాడు అని ఓబులమ్మకి పిచ్చి కోపం. సుంకమ్మ మాత్రం ఊ కొడతానే ఉంది. అయిపాయె గదామే, ఇంకెవురికి కొడతావు అని ఓబులమ్మ. పాప ఇంకా దిగతా ఉంటాదిమే అనింది సుంకమ్మ. ఓబులమ్మ నవ్వలా. ఈ మాటికి నవ్వకుండా పక్కన కూచుని, తనూ కొట్టిందంట ఊ. పుట్టి బుద్ధెరిగి ఊ కొట్టిన మనిషి కాదు, మేక దగ్గినట్లుండెనంట. ఆ పొద్దు ఇద్దరూ ఇంట్లో దీపం పెట్టే పొద్దు దాకా అట్లే కూచున్నారు. ఇప్పటికీ ఓబులమ్మ ఆ సినిమాకి ఇంకో క్యాసెట్టు ఉండాదేమో అని గోతం కిందామీదా చేస్తా ఉంటాదంట. సుంకమ్మని అడిగితే, కింద ఏమన్నా ఉండనీ, పాప ఒకతే పోలేదు గదా అంటాది. మంచి మాటే, కాదనను. నాకు మాత్రం ఓబులమ్మ బాధే బాధ. ఏముండెనో ఏమో ఆ కింద.