సూదిబండ బెజ్జం

పెద్ద వరదకు బజారు వీధిలో పడవలు తిరిగిన ఏడాది. సముద్రంలో దీవి కొసన సూదిబండ దగ్గర పని ముగించుకుని తిరిగి వస్తూ, నాలుగు బారలు దాటకుండానే ముసలి సరంగు పడవ ఇంజను ఆపేశాడు. పడవలో కొత్త ఆఫీసరు తప్ప ఇంకెవరూ లేరు.

"ఆపావేంటి తాతా?"

"దారి కనబడటం లేదు."

"మిట్టమధ్యాహ్నం దారి కనబడకపోవడమేంటి?"

"వెనక్కి, బండ వైపు చూడండి. ఏం కనబడుతోంది?"

"పొద్దున మనం కట్టిన బ్యానరు. మన పెద్దాయన, మంత్రిగారి ఫొటో."

"దాని వెనకాల?"

"బండకున్న బెజ్జం. అంత చక్కటి చట్రం ఇంకెక్కడ దొరుకుతుంది? రేపు బండ చూడటానికి వచ్చేవాళ్ళందరి కళ్ళూ దాని మీదే."

"మా కళ్ళూ దాని మీదే బాబూ. ఆ బెజ్జంలోంచి ఆకాశం కనబడినంతసేపూ పడవ కింద లోతు ఉన్నట్టు. ఆకాశం తప్పిందా, నీటి కింద రాళ్ళ మీదికి పోతున్నట్టు. మా నాన్న చూపించిన గుర్తు అదొక్కటే."

"నలభై ఏళ్ళు తిరిగావు. ఇంకా గుర్తు కావాలా?"

"కావాలి."

"నాతో పంతమా?"

"పంతమే."

"నీ లైసెన్సు నా చేతిలో ఉంది, మర్చిపోకు."

"లైసెన్సు మీ చేతిలో ఉంది, చుక్కాని నా చేతిలో ఉంది. కావాలంటే మార్చుకుందాం."

"వేరే పడవను పిలుస్తాను."

"పిలవండి. వాళ్ళూ ఆ బెజ్జం చూసే రావాలి."

"పెద్దాయన అడిగితే నేనేం చెప్పను?"

"సరంగు తీయించాడని చెప్పండి."

"నా ఉద్యోగం పోతుందయ్యా."

"ఈత వచ్చా?"

"...రాదు."

"అయితే ఉద్యోగం సంగతి ఒడ్డున మాట్లాడుకుందాం. నీరు తీస్తోంది. ఇంకో గంటకి రాళ్ళు తలలెత్తుతాయి."

"సరే, సరే. బండ దగ్గరికి తిప్పు. నేనే విప్పుతాను."

ఆఫీసరు బ్యానరు విప్పి, మడిచి, దాని మీదే కూర్చున్నాడు. పడవ మళ్ళీ కదిలింది.

"ఇప్పుడు కనబడుతోందా?"

"ఆఁ."

"నువ్వు వెనక్కి చూడటమే లేదుగా."

"నాకెందుకు? కళ్ళకు గంతలు కట్టినా పోగలను."

"మరి ఇందాకటి నుంచీ నాతో..."

"రేపట్నుంచి చుక్కాని పట్టేది నా కూతురు."

మర్నాడు పొద్దున ఆమెకు చుక్కాని అప్పగించి, సరంగు ఆమెకు ఎదురుగా, బండ వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.