కోర్టు ముందు సైప్రస్ మొదలు

సభాధ్యక్షులు కూర్మారావు పంతులుగారికి, బరంపురం పెద్దలకు, రంభ నుంచి, దిగపహండి నుంచి బళ్లు కట్టించుకుని వచ్చిన మిత్రులకు, తోటపనిలో నాతోపాటు చేతులు మట్టి చేసుకున్న అన్నదమ్ములకు నమస్కారాలు.

నేను సిద్ధం చేసుకొచ్చిన ఉపన్యాసం వేరు. అది ఇప్పుడు నోటికి రావడం లేదు. ఇన్నాళ్లూ జ్వరంతో దిగపహండిలో మా చెల్లెలింట పడి ఉండి, ఇవాళ తిన్నగా ఈ పందిట్లోకే వచ్చాను. మన సైప్రస్ చెట్టు పందిరి చాటున ఉందనుకున్నాను. ఇందాక పంతులుగారు ఈ చేతికర్ర నాకిచ్చి, "ఓవర్సీరుగారూ, ఇది మీరు పెంచిన చెట్టు కర్రే, ఎండిపోతే కొట్టించి చేయించాం" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు.

నిజమేనా అని మా తోటమాలి దేముణ్ణి అడిగితే ఏమన్నాడో ముందు వరసవారు విన్నారు. "ఆకులన్నీ ఎర్రబడి రాలిపోనాయి బాబూ. శుభమా అని తమరికి సన్మానం సేస్తుంటే ఎదర మోడుంటే ఏటి బాగుంటాది? పెద్దలు కొట్టెయ్యమన్నారు, కొట్టేసినాం." శుభకార్యానికి ఎండుమోడు కంటపడకూడదన్నది మన ఇళ్లలో ఉన్న ఆచారమే. నా మీద గౌరవంతోనే నా చెట్టు కొట్టారు. ఇక ఎవరిని తిట్టను?

అయ్యా, అది చావలేదు. మన వేడి ఊళ్లో మామూలుగా ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది గాని, చలి ముదిరితే ఆకు రాల్చేసి, ఎండలు రాగానే మళ్లీ చిగురిస్తుంది. ఈ పుష్యమాసం ఎలా వణికించిందో మీకు తెలియదా? ఎండిన చెట్టుదైతే ఈ చేతికర్రకి ఇంత తడి ఎక్కడిది? పంతులుగారూ, నా అరచెయ్యి చూడండి. (చెయ్యి చూపి)

ఈ కోర్టు ఆవరణలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి, గాలివానొస్తే నిద్రగన్నేరు కొమ్మలు విరిగి జనం మీద పడతాయి, సరుగుడుకి నీడే ఉండదు. అందుకని ఏరి కోరి మెక్సికో దేశపు ఈ చెట్టు విత్తనాలు మద్రాసు నుంచి తెప్పించి, మొక్క నిలదొక్కుకునేదాకా వేసవిలో తడి ఆరనివ్వకుండా, మొదలు చుట్టూ గడ్డి పరిచి పెంచాం. "ఈ ఈకల్లాటి ఆకులేటి బాబూ, దీని నీడ పిల్లిక్కూడా సాల్దు" అని వెక్కిరించిన రంభ నుంచి వచ్చే మన కాసమ్మే, తర్వాత చేపల బుట్ట దించుకుని వాయిదా రోజంతా దాని కింద కునుకు తీసేది. (నవ్వులు) నవ్వకండి. కాసమ్మా, వచ్చే వాయిదాకి ఎక్కడ కూర్చుంటావమ్మా?

రేపు ఆ మొదలు పెకలించి, అక్కడ నా పేరు చెక్కిన రాయి నిలుపుతామని పంతులుగారు సెలవిచ్చారు. మీ అభిమానానికి చేతులు జోడిస్తున్నాను. ఆ రాయి నాకొద్దు. మొదలు తవ్వకండి, నీళ్లు పొయ్యండి. ఎండలు ముదిరితే పిలకలు రావచ్చు, రాకపోనూవచ్చు. వస్తే బలమైనది ఒకటి ఉంచి తక్కినవి తీసెయ్యండి. నన్ను పిలవండి, నడవలేకపోయినా వస్తాను.

ఈ కర్ర మాత్రం ఇంటికి తీసుకెళ్లను. పశువులు తొక్కకుండా ఆ మొదలు చుట్టూ కంచె కట్టాలి కదా, దానికి మొదటి గుంజగా దీన్ని ఇప్పుడే పాతి వెళతాను. దేముడూ, గునపం పట్టుకు రా. అందరికీ కృతజ్ఞతలు. సెలవు.